వాదించీ వాదించీ కొన్న సెక్యూరిటీ కీ: ఏడాది దాటాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది గోరంత వస్తువు మీద కొండంత రివ్యూ. యూఎస్‌బీ పోర్టులో పెట్టి, మీదున్న బంగారు రంగు బిళ్ళను వేలితో తాకితే లాగిన్ అయ్యే సెక్యూరిటీ కీ అన్నమాట. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, చార్జింగ్ గొడవ లేదు, తాళాల గుత్తికి తగిలిస్తే అందులో ఇంకో తాళంచెవిలా కలిసిపోతుంది. బ్రాండ్ పేరు కావాలనే చెప్పట్లేదు. పేరు చెప్తే ఆ బ్రాండ్ మంచిదా ఈ బ్రాండ్ మంచిదా అనే కొట్లాట మొదలై అసలు విషయం పక్కకి పోతుంది, పైగా ఫైడో2 (ఇలాంటి కీలకు ఉన్న ఉమ్మడి ప్రమాణం) అని రాసి ఉన్నవన్నీ ముఖ్యమైన పని ఒకేలా చేస్తాయి.

దీన్ని నేను భయపడి కొనలేదు, వాదనలో ఓడిపోయి కొన్నాను. మాదొక పాత స్నేహితుల గ్రూపు, ఆరుగురం, అందరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. టెక్నాలజీ వార్త ఏదొచ్చినా ముందు జోకులు పడతాయి, ఆ తర్వాత రాత్రి ఒంటిగంట దాకా వాదన నడుస్తుంది, తెల్లారాక అది దేని మీద మొదలైందో ఎవడికీ గుర్తుండదు. 2024 జూలై 19న హ్యాకర్లను ఆపే సాఫ్ట్‌వేర్ చేసే క్రౌడ్‌స్ట్రైక్ వాళ్ల అప్‌డేట్ ఒకటి తేడా కొట్టి దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర వేసుకుని కూర్చున్నప్పుడు, "ఆన్ కాని కంప్యూటర్‌ని హ్యాక్ చేసే మొనగాడు ఇంకా పుట్టలేదు, కాబట్టి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మాట నిలబెట్టుకుంది" అని మొదటి మెసేజ్ పెట్టింది నేనే. అంతకు నాలుగు నెలల ముందు లినక్స్ మెషీన్లలో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపడింది కదా, దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోతే దొరికింది. "అర సెకను తేడా కనిపెట్టాడా! నాకు అర నిమిషం పట్టినా ఇవాళ త్వరగానే అయిందే అనుకుంటాను" అని ఒకడంటే, "నీలాంటి వాళ్లను నమ్ముకునేరా, ఆ దొంగదారి పెట్టినవాడు రెండేళ్లు ఓపిక పట్టింది" అని ఇంకొకడు తగులుకున్నాడు.

కీ గొడవ అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది. పాత ఫర్మ్‌వేర్ (కీ లోపలి సాఫ్ట్‌వేర్) ఉన్న యూబీకీ 5 అనే రకం కీలను కాపీ తీయొచ్చని నింజాల్యాబ్ అనే భద్రతా పరిశోధన సంస్థ వాళ్లు చూపించారు, ఆ దాడికి యూక్లీక్ అని పేరు పెట్టారు. లోపం కీ లోపలుండే ఇన్ఫినియన్ చిప్పు కోడ్‌లో ఉంది. చిప్పు లెక్క చేస్తున్నప్పుడు బయటికొచ్చే విద్యుదయస్కాంత తరంగాలను కొలిచి లోపలి రహస్యాన్ని లాగొచ్చట, 5.7 కంటే పాత ఫర్మ్‌వేర్ ఉన్నవాటికి అప్‌డేట్ ఇచ్చే దారే లేదట. నాకు పండగే పండగ. "సరిచేయడానికి వీల్లేని తాళం ఎవడు కొంటాడ్రా" అని మొదలుపెట్టాను. మా గ్రూపులో కీల భక్తుడు ఒకడున్నాడు, వాడు ఒక్కటే అన్నాడు: "దాన్ని నువ్వు మార్చలేవంటే దొంగ కూడా మార్చలేడు." ఆ తర్వాత ఇంకొకడు "కీ చేతికి దొరికాక పగలగొట్టి కాపీ తీయడం దేనికి, జేబులో వేసుకుని పోతే సరిపోతుందిగా" అని జోకు వేశాడు. నిజానికి అది జోకు కాదు. పోయిన కీ పోయిందని తెలుస్తుంది, కాపీ తీసి మళ్లీ గుత్తికి తగిలించేస్తే తెలియదు, అసలు బాధ అక్కడే ఉంది. కాకపోతే దానికి నా కీ వాడి చేతికి చిక్కాలి, చాలా ఖాతాలకు నా పాస్‌వర్డో పిన్నో కూడా తెలియాలి, కీ డొల్ల విప్పాలి, వేల యూరోల సామాను ముందు పెట్టుకుని కూర్చోవాలి. నా మెయిల్ కోసం అంత కష్టపడే మనిషి ఉంటే నేనే పాస్‌వర్డ్ చెప్పేస్తాను పాపం.

వాదనలో నేను ఓడింది మాత్రం తర్కంతో కాదు, లెక్కలతో. 2017 మొదట్లో ఉద్యోగులందరికీ కీలు తప్పనిసరి చేశాక 85,000 మందికి పైగా ఉన్నవాళ్లలో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌కి (దొంగ పేజీతో పాస్‌వర్డ్ లాగేసే మోసానికి) చిక్కలేదని గూగుల్ 2018లో చెప్పింది. 2022లో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగుల ఫోన్లకు దొంగ మెసేజ్‌లు వస్తే, ముగ్గురు నమ్మి పాస్‌వర్డ్ కొట్టేశారు కూడా, అయినా దొంగలు లోపలికి రాలేకపోయారు, ఎందుకంటే అక్కడ అందరి దగ్గరా కీ ఉంది. అదే రోజుల్లో అదే రకం మెసేజ్‌లకు ట్విలియో అనే ఇంకో కంపెనీ దొరికిపోయింది. దీనికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మనిషి చేసే పనే చేశాను: "సరే, కొంటాను, నెల తిరక్కుండా ఇది పనికిరాదని నిరూపిస్తాను చూడు" అని పంతం పట్టాను.

ఇక వస్తువు సంగతి. మొదటి దెబ్బ ఏంటంటే ఒకటి కొంటే చాలదు, రెండు కొనాలి. ఇంటి తాళంచెవిలా దీనికి నకలు తీయించలేం, తీయలేకపోవడమే దీని గొప్ప. కాబట్టి ప్రతి ఖాతాలోకీ వెళ్లి రెండు కీలూ విడివిడిగా నమోదు చేసుకోవాలి. మెయిల్, పాస్‌వర్డ్ మేనేజర్, రాసిన ప్రోగ్రాములు పెట్టుకునే చోటు, డొమైన్ (వెబ్‌సైటు పేరు) కొన్న చోటు, ఈ నాలుగింటికి ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పోయింది. సెట్టింగ్స్‌లో ఈ ఆప్షన్ ఒక్కోడు ఒక్కో మూల దాస్తాడు. ఒకచోటైతే ఒక్క కీ మాత్రమే పెట్టుకోనిచ్చారు. అది పోతే ఏంటి దారి అని సపోర్ట్‌ని అడిగితే "దయచేసి కీని జాగ్రత్తగా ఉంచుకోండి" అని జవాబొచ్చింది. మా అమ్మ కూడా అదే చెప్తుంది, ఆవిడకి సపోర్ట్ టికెట్ అక్కర్లేదు.

పిన్ విషయంలో జాగ్రత్త. వరసగా ఎనిమిది సార్లు తప్పు కొడితే కీ తాళం వేసుకుంటుంది, రీసెట్ చేస్తే తప్ప తెరుచుకోదు, రీసెట్ చేస్తే అందులో నమోదు చేసుకున్నదంతా పోతుంది. ఇది లోపం కాదు, కావాలని పెట్టిందే, దొరికినవాడు పిన్ ఊహిస్తూ కూర్చోకుండా. కానీ తెల్లవారుజామున నిద్రమత్తులో ఐదోసారి తప్పు కొట్టాక వచ్చే టెన్షన్ ఎలా ఉంటుందో నన్నడగండి.

ఇంకో వింత ఉంది. ఇలాంటి కీలలో కొన్నింటికి పాతకాలపు ఓటీపీ పద్ధతి కూడా ఆన్ అయ్యి ఉంటుంది. అంటే పొరపాటున వేలు తగిలితే చాలు, కీ తనే కీబోర్డు అనుకుని 44 అక్షరాలు టకటకా టైప్ చేసి ఎంటర్ కూడా కొట్టేస్తుంది. నాది గ్రూపులో సీరియస్‌గా వాదిస్తున్న టైములో తగిలింది. "సీసీసీసీసీసీ" అని మొదలయ్యే ఆ చెత్తంతా నా పేరు మీద వెళ్లిపోయింది. "ఇన్నాళ్లకి నువ్వు రాసిన మాటల్లో కాస్త అర్థమున్నది ఇదేరా" అన్నారు. ఇప్పటికీ నేను ఏదైనా గట్టిగా వాదిస్తే అవతలివాడు సీసీసీసీసీసీ అని పెట్టి ఊరుకుంటాడు. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయొచ్చని తర్వాత తెలిసింది, కొన్న రోజే ఆపేయండి.

పంతం సంగతి. నెలలో నిరూపించలేకపోయాను, రెండో నెలకి మర్చిపోయాను. అసలు పరీక్ష 2025లో వచ్చింది. ఆ మార్చిలో ట్రాయ్ హంట్ ఫిషింగ్‌కి దొరికిపోయారు. ఎవరి పాస్‌వర్డ్‌లు ఎక్కడ లీకయ్యాయో చూసుకునే హ్యావ్ ఐ బీన్ ప్వన్డ్ సైటు పెట్టిన మనిషే ఆయన. విమాన ప్రయాణపు అలసటలో దొంగ మెయిల్‌చింప్ (చందాదారులకు మెయిళ్లు పంపే సర్వీసు) పేజీలో పాస్‌వర్డ్, ఒకసారికే పనికొచ్చే కోడ్ రెండూ కొట్టేశారు, 16,000 దాకా చందాదారుల మెయిల్ అడ్రస్‌లు పోయాయి. అసలు అడ్రస్‌లో అయితేనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తను నింపలేదు, అప్పుడైనా అనుమానం రావాల్సింది అని ఆయనే వెంటనే అన్నీ దాచకుండా రాశారు. గ్రూపులో అందరికంటే ఎక్కువ నవ్వింది నేను. "వైద్యుడికే జ్వరం" అన్నాను.

కొన్ని వారాలకి నాకు ఒక మెయిల్ వచ్చింది, డొమైన్ గడువు ఈ రాత్రితో అయిపోతుందని. నిజంగానే ఆ నెలలోనే అయిపోతుంది. లింకు నొక్కాను, పేజీ అచ్చం అదే. పాస్‌వర్డ్ మేనేజర్ నింపలేదు. "దీనికేమైంది" అని విసుక్కుని నేనే కాపీ చేసి అతికించాను, అంటే ఏ పనికైతే అంత నవ్వానో సరిగ్గా అదే పని. తర్వాత పేజీ ఫోన్‌కొచ్చిన ఆరంకెల కోడ్ అడిగింది. ఫోన్ తీసి చూస్తూ కూర్చున్నాను. రాలేదు. అప్పుడు వెలిగింది: ఈ ఖాతాకి కోడ్ పద్ధతి నేనే తీసేశాను కదా, ఇక్కడ అడగాల్సింది కీ కదా! అడ్రస్ కళ్లు చిట్లించి చూస్తే ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిస్తే ఎమ్ లాగే కనిపిస్తాయి. పాస్‌వర్డ్ మార్చేసి, రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక గ్రూపు పేరు "ఆర్ ఎన్" అని మార్చేశారు, ఇంకా అదే ఉంది.

దీని మీద కూడా వాదనే. "నిన్ను కీ కాపాడలేదు, కోడ్ లేకపోవడం కాపాడింది" అని ఒకడి పాయింటు. నిజమే, కొట్టిపారేయలేను. కానీ చేతిలో రెండు కీలున్నాయన్న ధైర్యం లేకపోతే ఆ కోడ్ పద్ధతిని తీసేసేవాణ్ణే కాదు. పోనీ ఆ దొంగ పేజీ కోడ్ కాకుండా కీనే అడిగిందనుకోండి, అప్పుడు కూడా పని జరగదు. నమోదు చేసినప్పుడు కీ ఆ సైటు అడ్రస్‌కి కట్టుబడి ఒక జత తాళాలు తయారుచేస్తుంది, అందులో రహస్యమైనది కీ దాటి బయటికి రాదు, లాగిన్ అప్పుడు మనం నిజంగా ఏ అడ్రస్‌లో ఉన్నామో బ్రౌజరే చెప్తుంది. అడ్రస్ ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ రహస్యంతో కీ పెట్టాల్సిన సంతకం పుట్టదు. ఆర్, ఎన్ కలిసి ఎమ్‌లా కనబడేది మన కళ్లకి, దానికి కళ్లు లేవు.

నాకు నిజంగా ఒళ్ళు మండేది కీ మీద కాదు, కీ పెట్టుకోనిచ్చి కూడా పక్కన ఎస్ఎంఎస్ కోడ్‌ని తీసేయనివ్వని సైట్ల మీద. ఇనప తలుపు బిగించి కిటికీ తెరిచి ఉంచడమే కదా అది. 2024 జనవరి 9న అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ (అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) ఎక్స్ (పాత ట్విట్టర్) ఖాతా నుంచి బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (బిట్‌కాయిన్ ధరను బట్టి నడిచే ఫండ్లకు) అనుమతి ఇచ్చేశామని దొంగ పోస్టు వచ్చింది గుర్తుందా, అక్కడ ఎవడూ గొప్ప హ్యాకింగ్ చేయలేదు, ఫోన్ నంబరును వేరే సిమ్‌కి మార్పించుకుని పాస్‌వర్డ్ రీసెట్ కొట్టాడు, అంతే. ఇంకా తమాషా, 2023లో ట్విట్టర్ ఎస్ఎంఎస్ కోడ్‌ని డబ్బు కట్టేవాళ్లకే అని పెట్టి, అంతకంటే గట్టివైన యాప్ కోడ్‌నీ కీనీ ఉచితంగా వదిలేసింది. తుప్పు తాళానికి అద్దె, ఉక్కు తాళం ఉచితం. ఆ రోజు గ్రూపులో ఎవడూ నిద్రపోలేదు.

కీ చేయలేనిది కూడా చెప్పాలి, లేకపోతే నేనూ భక్తుణ్ణే అవుతాను. 2025 జూన్‌లో 1,600 కోట్ల పాస్‌వర్డ్‌లు లీక్ అని వార్త వచ్చింది. ప్రపంచ జనాభాకి రెట్టింపు లెక్క అది, "మా తాత పాస్‌వర్డ్ కూడా పోయినట్టుంది, ఆయన కంప్యూటర్ చూడకుండానే పోయారు" అన్నాడొకడు. నిదానంగా చూస్తే అది కొత్తగా ఎవర్నో కొల్లగొట్టింది కాదు, చాలావరకు ఇన్ఫోస్టీలర్లు (పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్వేర్) మెషీన్లలోంచి ఎత్తుకెళ్లిన సరుకును పోగేసిన కుప్ప. అలాంటి మాల్వేర్ మన మెషీన్‌లోకి వచ్చిందంటే, లాగిన్ అయ్యాక బ్రౌజర్ దాచుకునే కుకీనే (లాగిన్ అయ్యామన్న గుర్తునే) పట్టుకుపోతుంది. అప్పుడు కీ గుత్తిలో వేలాడుతూ చూస్తుంది, అంతకు మించి ఏం చేయలేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ దించుకునే అలవాటున్నవాళ్లు కీ కొని లాభం లేదు, ముందు ఆ అలవాటు సంగతి చూసుకోండి.

ఫోన్‌లో పాస్‌కీ (ఇదే పని ఫోనే చేసే పద్ధతి) ఉందిగా, ఇది దేనికి అంటారా? చాలామందికి అది చాలు, మా ఇంట్లోవాళ్లకి అదే పెట్టించాను. అది కూడా అడ్రస్ చూసే పని చేస్తుంది. ఫోన్ పోయినా కొంపలు మునగకూడదనుకునే వాళ్లకి, డొమైన్లో సర్వర్లో చేతిలో ఉన్నవాళ్లకి ఈ విడి కీ. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి తీసేసింది రెండోది కూడా కొనిపించినందుకు.

ఆ రెండో కీ ఎక్కడ దాచానో మా వాళ్లు ఇప్పటికి నాలుగుసార్లు అడిగారు. మొన్నయితే ఒకడు కీ కంపెనీ సపోర్ట్ పేరుతో మెయిల్ పెట్టాడు, "మీ రెండవ కీ భద్రపరచిన స్థలాన్ని ధ్రువీకరించండి" అని. అడ్రస్‌లో ఎమ్ సరిగ్గానే ఉంది, మిగతాదంతా తప్పు.