అడాప్టెక్ 29160, 39160: రెండో ఛానెల్‌కు డబ్బు పెట్టవచ్చా?

బెంగళూరు ఎస్.పి. రోడ్డులో పాత సర్వర్ సామాను అమ్మే ఒక దుకాణంలో ఈ రెండు స్కజీ కార్డులూ (పాత డిస్కులనూ టేపు డ్రైవులనూ కంప్యూటర్‌కు కలిపేవి) దొరికాయి. 29160కి ఒకటే ఛానెల్, అంటే పరికరాలను కలిపే ఒక విడి దారి; 39160కి రెండు. తెలుగు మిత్రులు ఇక్కడ నడుపుతున్న ముద్రణాలయంలోని పాత డిస్కులనూ టేపులనూ కొత్త యంత్రాల్లోకి ఎక్కించవలసి ఉన్నందున రెండింటినీ కొని, మార్చి మార్చి వాడి చూశాను.

రెండు ఛానెళ్లంటే రెట్టింపు వేగమని దుకాణాల్లో చెబుతారు గానీ, అది కార్డును గుచ్చే స్లాటును బట్టి ఉంటుంది. ఒక్కో ఛానెల్ సెకనుకు 160 ఎం.బి. పంపగలదు, మామూలు డెస్క్‌టాప్‌లోని 32 బిట్, 33 మెగాహెర్ట్జ్ పి.సి.ఐ. స్లాటు పరిమితే 133 ఎం.బి. ఒక ఛానెల్‌కే చాలని ఆ దారిలో రెండోదాని వల్ల వేగం పెరగదు. సర్వర్ బోర్డుల్లో ఉండే 64 బిట్, 66 మెగాహెర్ట్జ్ స్లాటులో, అదీ చాలా డిస్కులు ఒకేసారి పనిచేసేటప్పుడు మాత్రమే, తేడా తెలుస్తుంది.

నా దృష్టిలో రెండో ఛానెల్ అసలు ప్రయోజనం పరికరాలను విడదీయడమే. ఎల్.వి.డి. అనే వేగవంతమైన సంకేత పద్ధతి వాడే డిస్కులున్న కేబుల్‌కు, అంతకు ముందరి సింగిల్ ఎండెడ్ పద్ధతి పరికరం ఒక్కటి తగిలించినా అన్నీ దాని పద్ధతికే దిగి, వేగం 40 ఎం.బి. దాటదు. అయితే 29160 మీద పాత పరికరాలకు వేరే కనెక్టర్లూ, వాటిని విడిగా ఉంచే ఏర్పాటూ ఉన్నందున ఈ ఒక్క కారణానికే 39160 కొననక్కరలేదు. తేడా వచ్చేది టేపు డ్రైవు మొరాయించినప్పుడు. ఒకే ఛానెల్ మీద బస్ రీసెట్ (ఆ దారి మీది పరికరాలన్నీ మళ్లీ మొదటి స్థితికి రావడం) జరిగితే దానితో పాటు డిస్కుల పనీ ఆగుతుంది. 39160లో టేపును ఒక ఛానెల్‌కు, డిస్కులను మరోదానికి కలిపితే కాపీ నిరాటంకంగా సాగుతుంది. అరిగిపోయిన టేపులతో పని ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. డిస్కులు మాత్రమే చదవవలసినవారికి 29160 చాలు. ఒక ఛానెల్‌కు 15 పరికరాలు కలపవచ్చు.

మిర్రర్ డిస్కులను (ఒకే సమాచారాన్ని రెండింటిలోనూ ఉంచే జతను) చెరో ఛానెల్‌కు పెడితే కేబుల్ చెడినా ఒకటి మిగులుతుంది, కార్డే పోతే మాత్రం రెండూ అందవు. లినక్స్‌లో రెండు కార్డులకూ ఒకే డ్రైవర్ పనిచేస్తుంది.

39160 కొనేవారు కేబుళ్ల ఖర్చూ కలుపుకోవాలి. ఎల్.వి.డి. డిస్కుల్లో టెర్మినేటర్ (కేబుల్ చివర సంకేతాలు వెనక్కి తిరగకుండా ఆపేది) ఉండదు కనుక ప్రతి కేబుల్ చివర ఒకటి విడిగా పెట్టాలి. పాత కేబుళ్లు చాలాసార్లు అది లేకుండానే అమ్ముతారు, కాబట్టి డబ్బు ఇచ్చేముందే అడిగి తీసుకోవడం మంచిది.