కొత్త లేఅవుట్లకు వర్షపు నీటి అనుమతి: కాగితాల మీద ఒక డ్రైనేజీ ఇంజనీరు సమీక్ష

లేఅవుట్లకు డ్రైనేజీ నక్షాలు గీయడం నా వృత్తి. స్థానిక సంస్థ వర్షపు నీటి అనుమతి విభాగంతో నాకు తరచూ పని పడుతుంది. వారి దరఖాస్తు కాగితాలకు ఐదు మార్కులకు నేను మూడు ఇస్తాను.

దరఖాస్తు మొదటి పేజీ నాకు బాగా నచ్చింది. ఈ స్థలం నుంచి ఇప్పుడు ఎంత నీరు పారుతోంది, ఇళ్లూ రోడ్లూ వచ్చాక ఎంత పారుతుంది అని పక్కపక్కనే అడుగుతారు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది 25 వేల లీటర్లు. గడ్డి నేల అందులో చాలా భాగం తాగేస్తుంది, కాంక్రీటు దాదాపు అంతా బయటికి తోసేస్తుంది. ఆ తేడా దిగువనున్న వారి వాకిట్లోకి వెళ్లకూడదంటే ఈ లెక్క తప్పదు. దీన్ని వేధింపు అనే బిల్డర్లతో నేను ఏకీభవించను.

ఇంకుడు పరీక్ష కాగితం మాత్రం అసంపూర్ణం. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు ఇంకిందో రాయమంటారు గానీ, పరీక్ష ఏ లోతులో చేశారో అడగరు. పైమట్టిలో నీరు చకచకా దిగవచ్చు. ఇంకుడు గుంత అడుగు రెండు మీటర్ల కింద బంకమట్టిలో ఉంటే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. ఒక్క గడి చేరిస్తే సరిపోతుంది.

వాన నీటిని కాసేపు ఆపి, తూము గుండా మెల్లగా వదలడానికి లేఅవుట్లో ఒక కుంట చూపిస్తాం. పరిశీలించే ఇంజనీరు మనసుపెట్టి చదువుతారు. "మేడమ్, పెద్ద వానకు కుంట నిండితే అలుగు ఎటు పారుతుంది? నక్షాలో బాణం వేసి చూపించండి" అన్నారు. ఆ ప్రశ్న ఫారంలోనే ఉండాలి. అభ్యంతరాలను విడతలవారీగా కాక ఒకేసారి చెబితే ఇంకా మేలు.

కట్టడం పూర్తయ్యాక కొలిచి గీసిన నక్షా అడగడం చాలా మంచి నియమం. తూముకు 100 మిల్లీమీటర్ల గొట్టం బదులు 150 పెడితే నీటి దారి వైశాల్యం రెండింతలు దాటుతుంది. కుంట నిండకుండానే నీరంతా కింది కాలువలో పడుతుంది. పైనుంచి చూస్తే అంతా సక్రమంగానే కనిపిస్తుంది, కొలిస్తేనే బయటపడుతుంది.

నేను రెండు మార్కులు కోసింది నిర్వహణ పేజీకి. "యజమాని బాధ్యత వహిస్తారు" అన్న ఒక్క వాక్యం, కింద సంతకం, అంతే! ప్లాట్లు అమ్ముకున్నాక ఆ యజమాని ఉండడు. కుంటలో పూడిక పేరుకుంటుంది, తూము జాలీకి ఆకులు, ప్లాస్టిక్ సంచులు అడ్డుపడతాయి. రెండు మూడు రోజుల్లో దిగిపోవాల్సిన నీరు వారం పది రోజులు నిలిస్తే దోమలు పెరగడానికి అది చాలు. ఆ ఒప్పందాన్ని భూమి దస్తావేజుతో పాటు రిజిస్టరు చేయించాలి. అప్పుడే కొన్నవారికీ అది వర్తిస్తుంది. పూడిక ఎంత లోతుకు చేరితే తీయాలి, ఖర్చు ఏ నిధి నుంచి, ఏటా తనిఖీ నివేదిక ఎవరు ఇవ్వాలి అన్నవి అందులో ఉండాలి. ఇవేవీ లేని అనుమతి నీటి లెక్కనంతా వృథా చేస్తుంది, ఆ నష్టం ఇల్లు కొన్నవారు మోస్తారు.

దరఖాస్తు పెట్టబోయేవారు ప్లాట్లు గీయకముందే ఇంకుడు పరీక్ష చేయించండి. కుంట దాకా పూడిక తీసే యంత్రం వెళ్లే దారిని నక్షాలో వదలండి. ఫారం దాన్ని అడగదు, అయినా వదలండి.