నాటకం రాయడం నేర్చుకోడానికి ఏది మేలు? వారం వారం క్లాసా, వేసవి క్యాంపా, నాటక సమాజంలో చేరడమా?

ఈ ప్రశ్న ఈ మధ్య తెగ వస్తోందండి. నరసాపురం వైపు లేసు అల్లే ఒకావిడ అడిగేరు, యానాం కుర్రాడొకడు అడిగేడు, ఉప్పాడ నించి ఒకతనైతే పెద్ద వాయిస్ మెసేజే పెట్టేడు. అందరిదీ ఒకటే మాట, "మాస్టారూ, మా వాళ్ళ మీద నాటకం రాద్దామని ఉందండి, ఎక్కడ నేర్చుకోమంటారు?" విడివిడిగా జవాబులు చెప్పి చెప్పి విసుగొచ్చి ఇలా రాసి పెట్టేస్తున్నా, ఇకమీదట అడిగినోళ్ళకి ఇదే పంపుతా.

రంగం అంటే ఏంటి, సంఘర్షణ అంటే ఏంటి అని మొదలెట్టను, అవి మీకు తెలుసు. మన వైపు ఉన్న దార్లు మూడు. రాజమండ్రి, కాకినాడ, అమలాపురం లాంటి టౌన్లో ఎవరైనా పెట్టే ఆదివారం క్లాసు. ఎండాకాలంలో వారం పది రోజులు ఒకేచోట ఉంచి నేర్పే క్యాంపు. లేదంటే పరిషత్తులకి, అంటే నాటక పోటీలకి, నాటికలు ఆడే సమాజంలో దూరి డైరెక్టర్ గారి వెనకాల తిరగడం.

ముందు సమాజం సంగతి చెప్పేస్తా. అక్కడ స్టేజీ బాగా తెలుస్తుంది. చీర మార్చుకుని రావడానికి ఆర్టిస్టుకి ఎంతసేపు పడుతుంది, ఎక్కడ జనం కుర్చీల్లో కదలడం మొదలెడతారు, మైకుకి దూరంగా నిలబెట్టిన పాత్ర మాట ఎందుకు పోతుంది, ఇవి ఏ క్లాసూ నేర్పలేదు. కానీ పరిషత్తుకి రాయడమంటే రూల్సుకి రాయడమేనండి. గంటలో ముగించాలి, సెట్టు ఒకటే ఉంటే సుఖం, స్త్రీ పాత్ర ఇంకోటి పెంచితే "ఆర్టిస్టుకి డబ్బులెవడిస్తాడయ్యా" అంటారు. దానికి తోడు జడ్జీలకి నచ్చుతుందని అందరూ నమ్మే ఒక ఫార్ములా ఉంది, ముసలి తండ్రి, అమెరికా కొడుకు, ఆఖర్న ఏడుపు. (ఆ ఏడుపు రాయడం నాకూ బాగా వచ్చు లెండి.) చేపల వేటకెళ్ళే ఇంట్లోంచి వచ్చిన కుర్రాడు సమాజంలో రెండేళ్ళు తిరిగితే మూడో ఏడు రిటైరైన హెడ్మాస్టారి మీద నాటిక రాస్తాడు. తప్పని కాదు, కానీ ఆ హెడ్మాస్టారి మీద మనకి చాలానే ఉన్నాయి. నా మాటైతే ముందొక నాటకం రాసేసుకుని ఆ తర్వాత సమాజంలోకి వెళ్ళండి.

ఇంక అసలు పోటీ క్లాసుకీ క్యాంపుకీ.

క్యాంపుకున్న పెద్ద ప్లస్ టైము. మే నెలకి దాళ్వా (రెండో పంట) కోతలు అయిపోతాయి, కాలవలకి నీళ్ళు కట్టేస్తారు, రైతు కుర్రాళ్ళు ఖాళీ. సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా 61 రోజులు కాబట్టి బోట్ల మీద వెళ్ళేవాళ్ళూ ఒడ్డునే ఉంటారు. ఈ విషయంలో క్యాంపుకి తిరుగులేదు. కానీ పెళ్ళయిన ఆడవాళ్ళు ఇల్లొదిలి పది రోజులు ఎలా వస్తారండి? రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవాడికి పది రోజులు సెలవెవరిస్తారు?

క్లాసుకీ ఇలాంటి తిప్పలే ఉన్నాయి, కాకపోతే సరిచేసుకోగలిగినవి. ఆదివారం పొద్దున్న పదింటికి క్లాసు పెడతారు, ఆ టైముకి పేటల్లో సగం జనం చర్చిలో ఉంటారు. ఇది నిర్వాహకులకి తట్టదు, తర్వాతేమో "మనం అందర్నీ పిలిచేం, వాళ్ళే రాలేదు" అంటారు. మధ్యాహ్నం మూడింటికి జరిపి, లాస్టు బస్సుకి అందేలా వదిలి, రంజాన్ నెలలో ఇంకాస్త ముందే వదిలేస్తే గదిలో కూర్చునే మొహాలే మారిపోతాయి. ఏయే ఇళ్ళ కథలు నాటకాలవుతాయన్నది సిలబస్ కంటే ముందు ఈ టైం టేబుల్లోనే తేలిపోతుంది.

అయితే నా లెక్కలో తేల్చేది ఇదీ కాదు. మీరు రాసిన పేజీని వేరే మనిషి నోటితో పైకి చదివిస్తున్నారా లేదా, ఎన్నిసార్లు చదివిస్తున్నారు, అదొక్కటే చూస్తా. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. తల్లి పాత్ర కూతురితో "మీ నాన్న పోయి పదేళ్ళయింది కదమ్మా, అప్పటినించి ఈ కుట్టుమిషన్ మీదే కదా నిన్ను చదివించేను" అంటుంది, రాసినోళ్ళకి కళ్ళనీళ్ళొస్తాయి కూడా. అదే డైలాగు ఒక నటి లేచి పైకి చదివితే గదంతా నవ్వుతుంది, ఎందుకంటే ఆ సంగతి ఆ కూతురికి తెలియదా ఏంటి, ఆవిడ చెప్పేది మనకి. ఇది లెక్చర్లో గంటసేపు చెప్పినా ఎక్కదు, ఆ నవ్వు ఒక్కసారి చెవిన పడితే జన్మలో మర్చిపోరు.

ఇదేం కొత్త సంగతి కాదు, కందుకూరి వీరేశలింగం గారు 1880లో రాజమండ్రిలో ప్లీడర్ల మీద రాసిన వ్యవహార ధర్మబోధినిని తన శిష్యుల చేతే ఆడించేరు. లండన్లో రాయల్ కోర్ట్ థియేటర్ వాళ్ళు 1958లో రైటర్స్ గ్రూప్ ఒకటి పెట్టేరు, నైజీరియా నించి వెళ్ళిన వోలే షోయింకా కూడా అందులో ఉండేవాడు. చర్చలు పెట్టుకోవద్దు, చెప్పదల్చుకున్నది లేచి చేసి చూపించండి అని ఆ గ్రూపు నడిపిన కీత్ జాన్‌స్టోన్ పట్టుబట్టేవాడట. ఆ థియేటర్లోనే ఆదివారం రాత్రిళ్ళు సెట్టింగులేం లేకుండా కొత్తవాళ్ళ నాటకాలు ఒక్క పూట ఆడేసేవారు. షోయింకా నాటకం 1959లో అలాగే ఆడింది, ఆయనకి నోబెల్ వచ్చింది 1986లో.

మరి క్యాంపులో చదివించరా అంటారు. చదివిస్తారు, కానీ ఎవరికి? అమెరికాలో ఓనీల్ సెంటర్ అని 1964లో మొదలైనది ఉంది, వేసవిలో రచయితల్నీ నటుల్నీ ఒకచోట పెట్టి స్క్రిప్టు చేత్తో పట్టుకునే ఆడిస్తారు, నల్లజాతి రచయిత ఆగస్ట్ విల్సన్ జాతకం మారింది 1982లో అక్కడే. అయితే ఆయన స్క్రిప్టు రాసుకునే వెళ్ళేడండి. అంతకుముందు పంపినవి ఎన్నోసార్లు తిరిగొచ్చేక ఒకటి ఎంపికైంది. అంటే క్యాంపు డ్రాఫ్ట్ ఉన్నోళ్ళకి. మన దగ్గర తిరగేసి చేస్తున్నారు, ఒక్క రంగం కూడా రాయని పిల్లల్ని తీసుకొచ్చి, మొదటి ఐదు రోజులు పెద్దల ఉపన్యాసాలు, తర్వాత మూడ్రోజులు హడావిడిగా రాయడం, ఆఖరి రోజు శాలువాలు. చదివించేది ఒకేసారి, అదీ ముఖ్య అతిథి ముందు. మార్చి రాయడానికి మర్నాడు ఉండదు కదా.

ఖాళీ చేతుల్తో వచ్చినోళ్ళకి క్లాసే కరెక్టు. న్యూయార్క్‌లో ఇంటార్ థియేటర్ దగ్గర 1981 నించి మరియా ఐరీన్ ఫోర్నెస్ అనే ఆవిడ స్పానిష్ మూలాలున్న కొత్త రచయితలకి అలాంటిదే నడిపింది. వచ్చీ రాగానే థియరీ ఎత్తుకోకుండా ముందు ఒళ్ళు కదిలించే వ్యాయామం, తర్వాత కళ్ళు మూసుకుని ఒక మనిషినో గదినో ఊహించుకోవడం, అప్పుడు రాయడం. ఆవిడ దగ్గర నేర్చుకున్న క్యూబా కుర్రాడు నీలో క్రూజ్‌కి 2003లో నాటకానికిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది.

క్లాసు వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం ఆ మధ్యలో వచ్చే ఆరు రోజులు. ఆదివారం మీ రంగం చదివినప్పుడు "మీ నాయనమ్మ ఇలా మాట్లాడుతుందా?" అని ఎవరో అడుగుతారు. సోమవారం ఇంటికెళ్ళి ఆవిడ మాట వింటారు, అసలు ఆవిడ వాక్యం పూర్తి చెయ్యదని అప్పుడు తెలుస్తుంది. క్యాంపులో నాయనమ్మ ఎక్కడుంటుంది? సామర్లకోట దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలాట వాళ్ళున్నారు, ఆడేది తెలుగు, ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ. పోలవరం నిర్వాసిత కాలనీల్లో కోయ మాట్లాడే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్ళల్లో పుట్టే నాటకంలో రెండు భాషలూ కలిసే వస్తాయి, రావాలి కూడా. "ప్రేక్షకులకి అర్థం కాదు, తీసెయ్" అనే మాస్టారు దొరికితే మాత్రం అది క్లాసైనా ఒకటే క్యాంపైనా ఒకటే, లేచి వచ్చేయండి. నటి చదివి చూశాక అర్థమైందో లేదో గదిలో ఉన్నోళ్ళు చెప్తారు. మన మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి "పాలేరు" నాటకం ఊళ్ళల్లో అంత ఆడిందంటే, ఆ కథలో ఉన్నోళ్ళే ఎదురుగా కూర్చుని చూశారు మరి.

క్లాసులో చేరే ముందు ఫీజు ఎంతని కాదు, నటులొస్తారా అనడగండి. కనీసం నెలకి రెండుసార్లన్నా రావాలి. రారంటే అది ఉపన్యాసాల క్లాసు, దానికంటే మంచి క్యాంపే నయం, ఇది కూడా ఒప్పుకుంటా.

ఆన్‌లైన్ క్లాసులంటారా, గల్ఫ్‌లో ఉన్న మన ఆడపిల్లలకి వేరే దారి లేదు కాబట్టి వాళ్ళకి సరే. యూనివర్సిటీ కోర్సు చేసే వయసూ వీలూ ఉంటే ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ ఉంది, చూసుకోండి.

ఊళ్ళో ఇవేవీ లేవంటే రామాలయం అరుగో, చర్చి హాలో, లైబ్రరీ గదో అడిగి నలుగురు కూర్చోండి, రాసినోళ్ళు కాకుండా మిగతా ముగ్గురూ పాత్రలు పంచుకుని చదవాలి, చదువుతున్నంతసేపూ రాసినోళ్ళు "అంటే నా ఉద్దేశం ఏంటంటే" అని నోరెత్తకూడదు.