గుడ్ల కోళ్లా, మేకల జతా, బర్రె దూడా: దత్తతకు ఏ ఇంటికి ఏది మేలు?

హైదరాబాదులో కుక్కపిల్లనో పిల్లినో దత్తత తెచ్చుకోవడం ఇప్పుడు వింత కాదు. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు ఏళ్ల తరబడి చేసిన పని వల్ల ఆ అలవాటు చాలా ఇళ్లకు చేరింది. కోళ్ల ఫారాల నుంచి, డెయిరీల నుంచి, కిక్కిరిసిన లారీల నుంచి బయటపడిన జీవాలను ఇంటికి తెచ్చుకోవచ్చునా అన్న ప్రశ్న మాత్రం కొత్తది. మా పెరట్లో మూడేళ్లుగా గుడ్ల కోళ్లు ఉన్నందువల్ల, ఘట్‌కేసర్ దగ్గర మా తమ్ముడి ఇంట్లో రెండు మేకలు పెరుగుతున్నందువల్ల, తెలిసినవారు తరచుగా నన్ను ఇదే అడుగుతుంటారు. వారికి నేను ముందుగా చెప్పేది ఒక్కటే: జీవాన్ని చూసి ఎంత జాలి కలిగిందన్నది లెక్కలోకి తీసుకోకుండా, అది ఇంకా ఎన్నేళ్లు బతుకుతుంది, దానికి ఎంత చోటు కావాలి, దాని జాతి తోడు మీ ఇంట్లో దొరుకుతుందా అన్న మూడు సంగతులూ లెక్క వేసుకోవాలి. ఈ లెక్కతో చూస్తే మామూలు నగర కుటుంబానికి గుడ్ల కోళ్లే మేలని నా నిశ్చితాభిప్రాయం.

గుడ్ల కోడి అంటే ఇక్కడ ఫారంలో తీగల బోనులో పెరిగిన తెల్ల కోడి. అది పద్దెనిమిది, ఇరవై వారాల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి ఏడాదికి మూడు వందలకు పైగా పెడుతుంది. దీని మూల జాతి అయిన అడవి కోడి ఏడాదంతా పెట్టేది పది, పదిహేను గుడ్లే. ఒక్కో పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి కనుక మేతలో చాలనిది కోడి తన ఎముకల్లోంచే తీసి ఇస్తుంది. దాదాపు డెబ్బై రెండు నుంచి ఎనభై వారాలు నిండేసరికి గుడ్లు తగ్గుతాయి, దాణా ఖర్చు గిట్టదు, మొత్తం షెడ్డును ఒక్కసారి ఖాళీ చేస్తారు. మన చికెన్ దుకాణాల బోర్డుల మీద బాయిలర్, నాటు అన్న మాటల పక్కన లేయర్ అని రాసి ఉండేది ఈ కోడి గురించే. బోనులో దానికి దక్కిన చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. అయినా అప్పటికి దాని వయసు ఏడాదిన్నరే కనుక మంచి పోషణ దొరికితే మరికొన్నేళ్లు బతకగలదు.

మా ఇంటికి నాలుగు కోళ్లు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అల్వాల్‌లో మాది రెండు వందల గజాల స్థలం. వెనుక జామ చెట్టు, కరివేపాకు మొక్క, కాస్త మట్టి నేల మిగిలాయి. బుట్ట మూత తీసినా అవి బయటికి రాలేదు. చేతులతో తీసి నేల మీద పెడితే, అంత చోటు ఉండగా, నాలుగూ గోడ మూలలో ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడ్డాయి. మెడ మీద ఈకలు లేవు, తురాయి పాలిపోయి ఒక పక్కకు వాలిపోయింది, గోళ్లు పెరిగి వంకర తిరిగాయి. మా అమ్మ నూకలు చల్లింది. అవి ముక్కుతో పొడుస్తున్నాయి కానీ గింజ నోటికి అందడం లేదు. ఫారంలో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా చిన్నప్పుడే ముక్కు కొసను కత్తిరిస్తారు కనుక అవి గచ్చు మీది గింజను ఏరుకోలేవని, లోతైన గిన్నెలో దాణా పోస్తేనే తినగలవని ఆ సాయంత్రమే తెలిసింది. చీకటి పడినా గూట్లోకి వెళ్లాలని వాటికి తెలియదు. ఫారంలో గుడ్ల కోసం రోజుకు పదహారు గంటల దాకా లైటు వెలుగుతుంది కనుక మసక వెలుతురును చూసి ఇల్లు చేరే అలవాటే వాటికి పడలేదు. పదకొండు రాత్రులు మేమే ఒక్కొక్కదాన్ని ఎత్తి దండెం మీద కూర్చోబెట్టాం. పన్నెండో రోజున మొదటి కోడి తనంతట తానే లోపలికి వెళ్లింది.

మూడో రోజు మధ్యాహ్నం మరొకటి జరిగింది. ఒక కోడి జామ చెట్టు కింద కాలితో మట్టిని గీరి, పక్కకు ఒరిగి, రెక్కలు విదుల్చుకుంటూ, కళ్లు మూసి పడుకుంది. మా అమ్మ పరుగున వచ్చి "అది కొట్టుకుంటోంది, తొందరగా రావే!" అని పిలిచింది. ఆ కోడికి ఏ జబ్బూ లేదు. పుట్టాక మొదటిసారి మట్టి స్నానం చేస్తోంది. ఎవరూ నేర్పకుండా, తల్లి వెంట ఒక్క రోజైనా తిరగకుండా, ఆ పని దానికి వచ్చింది. ఆ దృశ్యాన్ని చూసిన మా పిల్లలకు నేను వేరే ఏమీ చెప్పవలసిన అవసరం రాలేదు.

ఖర్చు, చాకిరీ విషయానికి వస్తే కోడికి రోజుకు నూటపది గ్రాముల దాణా చాలు కనుక మూడు కోళ్లకు నెలకు పది కిలోలు సరిపోతుంది. ఆలిచిప్పల పొడి విడిగా ఒక గిన్నెలో ఉంచాలి. పిల్లి, ముంగిస, కుక్క చొరబడకుండా గట్టి ఇనుప జాలీతో గూడు కట్టి, ముంగిస తవ్వకుండా జాలీని నేలలోకి అడుగు లోతు దించాలి. దండెం రెండు అడుగుల ఎత్తు దాటకూడదు, ఎందుకంటే పెళుసుబారిన ఎముకలతో అవి దూకలేవు. కింద వరి ఊక పరిచి వారానికోసారి తీస్తే వాసన రాదు. తీసినది మొక్కలకు ఎరువవుతుంది. నగరంలో ఎండ నలభై డిగ్రీలు దాటే రోజుల్లో నీడ, చల్లటి నీళ్లు, తడి గోనెసంచులు తప్పనిసరి. కోళ్ల ప్రాణాలు తీసే అంటువ్యాధి అయిన కొక్కెర తెగులుకు టీకా ఉంది. ఫారంలో ఏవేవి వేశారో, ఆఖరిది ఎప్పుడు వేశారో కోళ్లను ఇచ్చేవారిని అడిగి రాసుకోవాలి.

ఈ ఎంపికలోని బాధను కూడా దాచకూడదు. మా నాలుగింటిలో ఒకటి ఏడో నెలలో చనిపోయింది. గుడ్డు బయటికి రాక, కడుపులోనే చితికి, లోపల చీము పట్టింది. ఎక్కువ గుడ్ల కోసం పెంచిన ఈ జాతికి ఇది తరచుగా వచ్చే జబ్బే. అది ఈకలు ఉబ్బించుకుని ఒక మూల నిలబడిన ఉదయం నేను దగ్గరలోని జంతువుల క్లినిక్‌కు పరుగెత్తితే, కోళ్లను తాము చూడమని తిప్పి పంపారు. మరో చోటికి చేరేసరికి ఆలస్యమైపోయింది. కాబట్టి కోడిని తెచ్చే ముందే పక్షులను చూసే వైద్యులెవరో తెలుసుకుని ఉండాలి. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉన్నాయి, మీ ఇంటి నుంచి ఏది ఎంత సేపటి ప్రయాణమో ముందే చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేము కోళ్లను బయటికి వదలకుండా, పైన వల కప్పి, పావురాలు దాణా గిన్నె దగ్గరికి రాకుండా చూశాం. కోడిని పట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవడం మాత్రం ఏ రోజూ మానకూడని నియమం.

ఇక మేకల సంగతి. మనిషికి దగ్గరవడంలో మేకకు కోడి సాటి రాదని ఒప్పుకోవాలి. మా తమ్ముడు గేటు తీసే చప్పుడు వినగానే ఆ రెండూ అరుస్తూ ఎదురొస్తాయి. అయితే మేక మంద జీవం. ఒక్కదాన్ని తెచ్చి కట్టేస్తే రాత్రంతా అరుస్తుంది, మేత మానేస్తుంది. తెస్తే జతనే తేవాలి. పదేళ్లకు పైగా బతుకుతుంది కనుక ఇవాళ పదో తరగతి చదివే అబ్బాయి ఉద్యోగంలో చేరేదాకా ఆ బాధ్యత ఉంటుందని అనుకోవాలి. పోతు మేక అయితే వట్టలు కొట్టించాలి. లేకపోతే ఎదకాలంలో దాని వాసనను ఇరుగుపొరుగు భరించలేరు. ఒక్కో మేకకు రోజుకు మూడు నాలుగు కిలోల పచ్చి ఆకు కావాలి: అవిసె, సుబాబుల్, రావి, తుమ్మ. మా తమ్ముడు ఆరు వందల గజాల స్థలంలో అవిసె చెట్లు వేసుకున్నాడు కనుక సాగుతోంది. అల్వాల్‌లోని మా పెరట్లో అయితే ఆ రెండూ నెల రోజుల్లో కరివేపాకు, జామ రెండింటినీ మోడు చేసి ఉండేవి.

నగరంలో మేకకు రెండు ప్రమాదాలు ఎదురవుతాయి. మొదటిది గన్నేరు. మన ఇళ్ల ప్రహరీల పక్కన, రోడ్డు డివైడర్ల మీద పూలకోసం పెంచే ఈ మొక్క ఆకులు కొద్దిగా తిన్నా మేక గుండె ఆగిపోతుంది. రెండోది మనుషుల ప్రేమ. వీధిలో వారు మిగిలిన అన్నం, చపాతీలు, ఫంక్షన్‌లో మిగిలిన బిర్యానీ అన్నం తెచ్చి పెడతారు. ఆకు తినవలసిన కడుపులో అన్నం ఒక్కసారిగా పులిసి, పొట్ట ఉబ్బి, ఒక్క రోజులో ప్రాణం పోవచ్చు. పీపీఆర్ అనే మేకల ప్లేగుకు టీకా, వానాకాలానికి ముందు పేగులకు వచ్చే చిటుక రోగానికి టీకా, ఏడాదికి రెండు మూడు సార్లు నట్టల మందు తప్పవు. పొలాన్నో ఫామ్‌హౌస్‌నో ఆనుకుని కాపురం ఉన్నవారికి, ఇంట్లో రోజంతా ఎవరో ఒకరు ఉండేవారికి, కోళ్ల కంటే మేకల జతే ఎక్కువ సంతోషాన్ని ఇస్తుందని నేను నిస్సంకోచంగా చెప్పగలను. మేడ్చల్, శంషాబాద్, ఘట్‌కేసర్ వైపు ఇల్లు కట్టుకున్నవారు దీనిని ఆలోచించవచ్చు. బంజారాహిల్స్ డాబా మీద మాత్రం కుదరదు.

దూడ దగ్గరికి వచ్చేసరికి మనసు ఒకటి చెబుతుంది, లెక్క ఇంకొకటి చెబుతుంది. డెయిరీలో మగ దూడ పాలివ్వదు, ట్రాక్టర్లు వచ్చాక దుక్కికీ అక్కర లేదు. బర్రెకు పుట్టిన మగ దూడ పరిస్థితి మరీ కష్టం, ఎందుకంటే గోశాలలు ఎక్కువగా ఆవుజాతినే చేర్చుకుంటాయి. తల్లి పాలకు దూరమై, రోడ్డు పక్కన కాళ్లు వణుకుతూ నిలబడిన దూడను చూసి కారు ఆపని మనిషిని నేను తప్పుపట్టను, ఆపిన మనిషికి చేతులెత్తి మొక్కుతాను. ఆపిన తరువాత ఏం చేయాలన్నదే ప్రశ్న. ఇరవై అయిదు, ముప్పై కిలోల దూడకు రోజుకు రెండున్నర, మూడు లీటర్ల పాలు పట్టాలి. మూడేళ్లకు అదే దూడ మూడు, నాలుగు వందల కిలోలవుతుంది. అప్పుడు రోజుకు ఇరవై కిలోలకు పైగా పచ్చగడ్డి, కొంత వరిగడ్డి, వేసవిలో యాభై లీటర్లకు తగ్గకుండా నీళ్లు కావాలి. బర్రెకు ఒంటి మీద చెమట తక్కువ కనుక మునగడానికి నీటి గుంటో, రోజుకు రెండు మూడు సార్లు స్నానమో కావాలి. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే కాలనీలో ఇది అయ్యే పనేనా? పదిహేను, ఇరవై ఏళ్ల ఆయుష్షంతా కార్ పార్కింగ్‌లో పలుపుతాడుకు ఒంటరిగా కట్టేసి ఉంచితే, దాన్ని ఒక బోను నుంచి తీసి ఇంకో బోనులో పెట్టినట్టే అవుతుంది.

అందువల్ల దూడను ఇంటికి దత్తత తీసుకోవడం కంటే, మంద ఉన్న ఆశ్రయ కేంద్రంలో దాని పోషణను దత్తత తీసుకోవడమే దానికి మేలు. నెలనెలా దాణా ఖర్చు పంపడం, నెలకోసారి పిల్లలతో వెళ్లి చేత్తో గడ్డి పెట్టి రావడం, టీకాల రోజున చెయ్యి సాయం చేయడం వంటివన్నీ అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు కూడా చేయగలరు. రోడ్డు మీద దెబ్బ తిన్న పశువు కనిపిస్తే 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువైద్య వాహనం గురించి చెబుతారు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. బాయిలర్ కోడిని ఆరు వారాల్లో రెండు కిలోలు దాటేలా పెంచుతారు. కాళ్లు, గుండె ఆ బరువును మోయలేవు, ఎంత చూసుకున్నా ఎక్కువ కాలం బతకదు, పిల్లలున్న ఇంటికి ఇది కఠినమైన అనుభవం. బాతులకు ఈదడానికి నీరు కావాలి, ఆ నీటిని రోజూ మార్చాలి. జాతరల్లోనూ బడుల ముందూ గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే కోడిపిల్లల్లో చాలా మటుకు గుడ్ల హేచరీలు పనికిరావని తీసేసిన మగపిల్లలే. మొదటి వారం వాటికి ముప్పై అయిదు డిగ్రీల వెచ్చదనం కావాలి; బతికి బట్టకడితే నాలుగైదు నెలలకు తెల్లవారుజామున కూసే పుంజులవుతాయి. వాటిని కొంటే ఒక ప్రాణం దక్కుతుందనుకుంటాం కానీ ఆ డబ్బుతో మరుసటి వారం ఇంకో బుట్ట వస్తుంది. ఫారం నుంచి కోళ్లను కొనితేవడానికీ ఇదే వర్తిస్తుంది. కొనడం రక్షణ కాదు. ఆశ్రయ కేంద్రం చేరదీసినవాటినే, కాగితం రాసి ఇచ్చి తెచ్చుకోవాలి. పోలీసు కేసులో స్వాధీనమైన జీవాలైతే, కేసు ఎక్కడి దాకా వచ్చిందో, దత్తత ఇవ్వడానికి న్యాయస్థానం అనుమతి ఉందో లేదో తప్పక అడగాలి. మన దేశపు చిలుకలు, మునియా పిట్టలు ఈ జాబితాలోకి రావు; వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని ఇంట్లో ఉంచుకోకూడదు.

కనుక కాస్త మట్టి నేల, సొంత ప్రహరీ ఉన్న ఇంటికి మూడు నాలుగు గుడ్ల కోళ్లు. అయిదారు వందల గజాలు, చెట్లు, మనిషి తోడు ఉన్న శివారు ఇంటికి మేకల జత. ఫ్లాటుకు దూడ పోషణ. అద్దె ఇల్లయితే యజమానిని, కాలనీ సంఘాన్ని, వార్డు కార్యాలయాన్ని ముందే అడిగి, ఆ తరువాతే కేంద్రానికి వెళ్లండి. కోళ్లను తెచ్చుకునేవారు ఏప్రిల్, మే నెలల్లో తేవద్దు, ఈకల్లేని చర్మం ఎండకు కమిలిపోతుంది. దీపావళి టపాకాయల చప్పుడు ఆగిన తరువాత, చలి ముదరకముందు తెస్తే అవి కొత్త చోటికి అలవాటు పడేలోగా మెడ మీద కొత్త ఈకలు మొలుస్తాయి. మావాటికి సంక్రాంతికల్లా మొలిచాయి.