ఒకే బోరు, ఒకే స్ట్రోకు, రెండు రంపాలు: హస్క్‌వార్నా 272, స్టిల్ 038తో ఏడేళ్లు

రెండింటి లోపలా 52 మిల్లీమీటర్ల పిస్టనే. రెండింటిలోనూ అది పైకీ కిందికీ తిరిగేది 34 మిల్లీమీటర్లే. లెక్క కడితే రెండూ 72.2 సీసీ. కాగితం మీద కవలలు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఒకటి ఒంగోలు గిత్త, ఇంకోటి దున్నపోతు. గిత్త స్వీడన్ వాళ్ల హస్క్‌వార్నా 272 ఎక్స్‌పీ, దున్నపోతు జర్మనీ వాళ్ల స్టిల్ 038 మాగ్నమ్. రెండూ పెట్రోలుతో నడిచే టూ-స్ట్రోక్ గొలుసు రంపాలు (చైన్‌సాలు), పాత మోడళ్లు. ఏడేళ్లుగా నా షెడ్డులో పక్కపక్కనే ఉంటున్నాయి. వాటిని విప్పాను, మార్చాను, ఒకదాన్ని దాదాపు చంపబోయాను కూడా.

మిషిగన్‌లోని లివింగ్‌స్టన్ కౌంటీలో మాకు ఆరెకరాల స్థలం ఉంది. సగం అడవే. చలికాలంలో కొన్నాం కాబట్టి ఇన్ని యాష్ చెట్లున్నాయని సంబరపడ్డాం. అవి నిలబడే చచ్చిపోయాయని మే నెలలో ఆకు రాకపోతే గాని తెలియలేదు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన పచ్చ పురుగు, ఎమరాల్డ్ యాష్ బోరర్, ఈ చుట్టుపక్కల యాష్‌ని దాదాపు తుడిచిపెట్టేసింది. దాని పిల్లపురుగులు బెరడు కింద సొరంగాలు తొలిచి, చెట్టుకి నీరూ తిండీ అందకుండా చేస్తాయి. మాకు మిగిలింది కట్టెలు. ఇంట్లో కట్టెల పొయ్యికి ఏడాదికి ఐదు కార్డులు కావాలి. కార్డు అంటే నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల పొడవు పేర్చిన కట్టె. అంత కోతకి మొదట కొన్న చిన్న మిషన్ ఒక్క సీజన్‌కే చేతులెత్తేసింది.

272ని 120 డాలర్లకి తెచ్చాను. స్టార్టవదని చెప్పి మరీ అమ్మారు. సైలెన్సర్ విప్పి టార్చి వేసి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు. పాత ఓనరు ఆయిల్ కలపని పెట్రోలు పోసినట్టున్నాడు, ఇంజన్ పట్టేసింది. ఇలాంటప్పుడు సిలిండర్ పోయిందని చాలామంది అనుకుంటారు. లోపలి పూత చాలా గట్టిది. దాని మీద కనిపించే మరక చాలాసార్లు పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం మాత్రమే. షెడ్డు తలుపులు బార్లా తీసి, చేతులకి గ్లవుజులు వేసుకుని, ఇయర్‌బడ్‌ని మ్యూరియాటిక్ యాసిడ్‌లో ముంచి ఆ మరక మీద అద్దాను. బుసబుసమని పొంగింది. తుడిచి, మళ్లీ అద్ది, మళ్లీ తుడిచి... పొంగడం ఆగిందంటే అల్యూమినియం పోయినట్టే. పోర్టుల, అంటే సిలిండర్‌లోకి గాలీ బయటికి పొగా వెళ్లే రంధ్రాల, అంచుల దగ్గర మాత్రం చెయ్యి వణక్కూడదు. అక్కడ పూత అయిపోయి ఒట్టి అల్యూమినియం మొదలవుతుంది, యాసిడ్ దాన్నీ తినేస్తుంది. గంటన్నర పట్టింది. కింద హోనింగ్ గీతలు, అంటే తయారీలో సిలిండర్ గోడ మీద వేసే సన్నటి అడ్డగీతలు, చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

అంతకుముందే ఆన్‌లైన్‌లో చవకగా వస్తోందని సిలిండర్, పిస్టన్ కిట్టు ఒకటి తెప్పించి డబ్బు తగలేశాను. పోర్టు అంచులు వేలికి బ్లేడులా తగిలాయి. పిస్టన్ రింగు నిమిషానికి వేలసార్లు ఆ అంచు మీదుగా వెళ్లాలి, ఎక్కడో చోట ఇరుక్కుని విరుగుతుంది. ఆ కిట్టు ఇప్పటికీ అటక మీదే ఉంది. ఇటలీలో చేసే మెటియోర్ పిస్టన్ ఒక్కటి కొని, శుభ్రం చేసిన పాత సిలిండర్‌లోనే వేశాను. ఏడేళ్లయినా ఇబ్బంది లేదు.

038 కథ చిన్నది. పక్క ఊళ్లో ఒక రైతు కొట్టాం ఖాళీ చేస్తూ 200 డాలర్లకి ఇచ్చాడు. మూడో లాగుడికి స్టార్టయింది. ఐడిల్‌లో ఉన్నట్టుండి రేస్ పెరిగేది. కార్బురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే ఇన్‌టేక్ రబ్బరు వయసైపోయి పగిలి, అక్కణ్ణుంచి గాలి లాగుతోంది. రబ్బరు మార్చాను. పెట్రోలు పైపు, ఫిల్టరు, క్రాంక్ సీళ్లు కూడా మార్చాను. పాత మిషన్‌కి ఇవన్నీ ముందే మార్చకుండా ట్యూనింగ్ జోలికి వెళ్లడం దండగ.

ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే త్రాసుకి రెండింటినీ తగిలించి చూశాను. బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), చైన్ లేకుండా 038 అర కేజీ ఎక్కువ. ఉదయం తెలియదు, రెండో ట్యాంకు అయ్యేసరికి నడుముకి తెలుస్తుంది.

ఇక పోటీ. ఒకదాని బార్ ఇంకోదానికి ఎక్కదు. బార్‌ని మిషన్‌కి బిగించే గాడి హస్క్‌వార్నాకి తొమ్మిది మిల్లీమీటర్లు, స్టిల్‌కి పన్నెండు. అయినా రెండింటికీ చెరో 20 అంగుళాల బార్, చైన్ కూర్చునే గాడి మందం (గేజి) ఒకటే ఉన్నవి కొంటే, త్రీ బై ఎయిట్ అంగుళం పిచ్, 72 లింకుల చైన్ ఒక్కటే అటూ ఇటూ మార్చుకోవచ్చు. రెండింటికీ ఏడు పళ్ల స్ప్రాకెట్టే. ఒకే చైను, ఒకే పదును, ఒకే దుంగ. 16 అంగుళాల ఎండిన యాష్ మీద మూడేసి కోతలు కోసి సరాసరి తీశాను. 272కి 11.4 సెకన్లు, 038కి 12.3. ఆ 0.9 సెకన్ల తేడా కంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకోటి. 272ని దాని పాటికి వదిలేస్తే పొట్టు ఫౌంటెన్‌లా చిమ్ముతుంది, కాస్త నొక్కితే మాత్రం గొంతు దించేస్తుంది. 038 మీద ఒళ్లు వేసి నొక్కినా దాని గొంతు మారదు. పిస్టన్ కొలతలు ఒకటే అయినా పోర్టుల ఎత్తు, ఫ్లైవీల్ బరువు, కార్బురేటర్ ఒకటి కావు. పాట ఒకటే అయినా పాడే గొంతు వేరు.

మొదటి మార్పు సైలెన్సర్. తెనాలిలో మా కుర్రాళ్లందరూ ఆర్‌ఎక్స్ హండ్రెడ్ బైకుకి చేసిన పనే ఇది. 272 సైలెన్సర్‌కి పొగ బయటికి పోయే దారి బాగా ఇరుకు. దాన్ని డ్రిల్లు, ఆకురాయితో పెద్దది చేశాను. ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో నాలుగింట మూడు వంతుల దాకా తెరిచాను, అంతకు మించలేదు. నిప్పురవ్వలు ఆపే జాలీ మళ్లీ బిగించాను. ఎండుటాకుల మధ్య పనిచేస్తూ జాలీ పీకేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తప్పు ఆ తర్వాత చేశాను. పొగ తేలిగ్గా పోతే గాలి ఎక్కువ లోపలికొస్తుంది, దానికి సరిపడా పెట్రోలు పెంచాలి. పుస్తకంలో చదివినట్టు అంతా తెలుసు. "ఒక్క కోత కోసి చూద్దాం" అనుకున్నాను. ఎంత బాగుందంటే రెండోదీ కోశాను. మూడో కోతలో మోత సన్నగా, కీచుమని పైకి పోయింది. ఆపేశాను. చల్లారాక సైలెన్సర్ తీసి చూస్తే కొత్త పిస్టన్ మీద వెంట్రుకంత సన్నవి రెండు గీతలు. గోరుతో గీకితే తగల్లేదు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత హెచ్ స్క్రూని (ఫుల్ రేస్‌లో పెట్రోలు ఎంత రావాలో సరిచేసే కార్బురేటర్ స్క్రూని) ఎడమకి తిప్పి, ఖాళీగా ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు మోత గరగరలాడేలా పెట్టాను. ఆ గరగర దుంగలో దిగగానే పోయి శుభ్రంగా మోగాలి. చెవి మీద నమ్మకం లేనివాళ్లు టాకోమీటర్ కొనుక్కోండి, నేనూ కొనుక్కున్నాను. ఫలితం: 11.4 కాస్తా 9.9 అయింది. 038కీ అదే వైద్యం చేస్తే 12.3 నుంచి 11.6కి వచ్చింది, అంతే.

ఆ వేసవిలో నాన్న వచ్చారు. షెడ్డు బయట కుర్చీ వేసుకుని కూర్చుని, పొగ ముక్కుకి తగలగానే, "ఏరా, మన ఆర్‌ఎక్స్ వాసన వస్తోందేంట్రా?" అన్నారు. "అదే ఇంజన్ నాన్నా, చక్రాలు లేవంతే" అన్నాను. గాలన్ పెట్రోలుకి రెండున్నర ఔన్సులకి కాస్త పైన ఆయిల్ చాలని, అంటే యాభైకి ఒకటని, చెబుతారు. నేను మూడు ఔన్సుల పైనే పోస్తాను, అంటే సుమారు నలభైకి ఒకటి. పొగ ఎక్కువే, బేరింగులు మాత్రం చల్లగా ఉంటాయని నా నమ్మకం. ఇథనాల్ లేని పెట్రోలు ఖరీదు ఎక్కువైనా అదే వాడతాను.

రెండో మార్పు గురించి అందరూ గొప్పగా చెబుతారు, నాకు నచ్చలేదు. సిలిండర్ కింద గాస్కెట్ తీసేసి, సీలెంట్ రాసి బిగించడం. ప్లగ్గు రంధ్రంలోంచి సోల్డర్ తీగ పెట్టి ఇంజన్ తిప్పి, నలిగిన తీగని కొలిచాను. పిస్టన్‌కీ సిలిండర్ తలకీ మధ్య సందు ఒక మిల్లీమీటర్ నుంచి సగానికి వచ్చింది. కంప్రెషన్ 150 నుంచి 170 పీఎస్‌ఐకి పెరిగింది. కోత సమయం? 9.9 నుంచి 9.7. సిలిండర్ కిందికి దిగితే ఎగ్జాస్ట్ పోర్టు ఆలస్యంగా తెరుచుకుంటుంది, కాబట్టి పైన రేస్ పెరగదు, కింద పికప్ కాస్త పెరుగుతుంది. ఆ 0.2 సెకన్ల కోసం చలికాలం పొద్దున్నే తాడు లాగితే మణికట్టు జివ్వుమంటోంది. 038కి ఆ పని చెయ్యలేదు, చెయ్యను కూడా.

సరదాకి ఇంకో పరీక్ష పెట్టాను. ఒక ట్యాంకు నడిపాక, మధ్యలో ఓసారి మట్టి తగిలిన చైన్‌తో, ఇన్ని మార్పులు చేసిన 272 అదే దుంగని 17 సెకన్లకి కోసింది. అంటే ఏ మార్పూ చెయ్యని 038 కంటే దాదాపు ఐదు సెకన్లు వెనక. దుంగ మీద కూర్చుని, 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి తీసుకుని, ముప్పై డిగ్రీల కోణంలో పంటికి మూడు తోపులు తోశాను. పని ఐదు నిమిషాలే. మళ్లీ పదికి దిగింది. పొట్టు పిండిలా రాలుతోందంటే పదును పోయినట్టు, కొబ్బరి కోరులా రాలితే ఉన్నట్టు. పాత రంపం కొన్నవాళ్లు మొదటి ఇరవై డాలర్లు ఆకురాయికీ దాని గైడుకీ పెట్టండి.

ఏడేళ్లలో అలవాటైన పద్ధతి చెబుతాను. చెట్టు పడగొట్టడానికి, కొమ్మలు కొట్టడానికి 272నే. నిలువునా ఎండిన యాష్ పెళుసు, కోస్తుండగానే పైకొమ్మ విరిగి నెత్తిన పడొచ్చు. తేలికైనది చేతిలో ఉంటే వెనక్కి గబుక్కున రావచ్చు. హెల్మెట్టు, కాళ్లకి చాప్స్ (రక్షణ తొడుగులు) లేకుండా నేను తాడు లాగను. పడిన మానుని ముక్కలు చెయ్యడానికి 038. దానికి ఇప్పుడు 24 అంగుళాల బార్ వేశాను. దాని ఒళ్లు పెద్దది, కొమ్మల మధ్య తిప్పాలంటే ఇబ్బందే. నేల మీది దుంగ దగ్గర మాత్రం ఆ బరువే పనిచేసి పెడుతుంది, మనం నొక్కక్కర్లేదు. ఒక్కటే ఉంచుకోమంటే బుద్ధి 272 అంటుంది.

పోయిన వారం 038 ఇన్‌టేక్ రబ్బరు మీద మళ్లీ సన్నటి పగులు కనిపించింది. ఇంకోటి ఆర్డర్ పెట్టాను. పెరటి చివర 28 అంగుళాల మొద్దు ఒకటి పడుంది. 272తో కోసేయొచ్చు. కోయకుండా రబ్బరు కోసం చూస్తున్నాను.