మోచేతి స్ప్లింట్ (మోచెయ్యి మడవకుండా ఆపే కట్టు) పది నెలలు వాడాక నా మాట

పోయినేడు వానాకాలంలో మొదలైంది నాకు, ఎడమ చేతి చిటికెన వేలు, పక్కన ఉంగరం వేలు తెల్లారేసరికి మొద్దుబారి ఉండేవి, విదిలిస్తే పోయేది కదా అని ఊరుకున్నా. తర్వాత జడ వేసుకుంటుంటే ఆ వేళ్లతో పట్టుకున్న పాయ జారిపోవడం మొదలైంది, అప్పుడు భయమేసింది.

అమ్మ ఫోన్లో నరాల వీక్‌నెస్సే, బీ12 ఇంజెక్షన్లు వేయించుకోవే అంది. ఇంటి దగ్గర క్లినిక్‌లో మెడ అరిగిందని కాలర్ పెట్టి, మెడని సాగదీసే ట్రాక్షన్ ఇచ్చారు, రెండు నెలలు పోయాయి, ఏ వేళ్లకి తిమ్మిరి అని ఒక్కళ్లు అడిగితే ఒట్టు!

అడిగింది న్యూరాలజిస్ట్ మేడమే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాగితం పెట్టి పట్టుకోమని లాగారు, కుడి చేతిలోంచి రాలేదు, ఎడమ చేతిలోంచి ఇట్టే వచ్చేసింది. నరం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్‌లో మోచేతి దగ్గరే నరం నొక్కుకుందని తేలింది. మోచెయ్యి గోడకి తగిలితే జివ్వుమని కరెంటు కొట్టినట్టుంటుందే, ఆ అల్నార్ నరమే, మోచెయ్యి మడిచేకొద్దీ సాగి నొక్కుకుంటుందట. నేనేమో రోజూ బెంగళూరులో 500డీ బస్సులో సిల్క్ బోర్డు దాకా కుడి చేత్తో రాడ్, ఎడమ చేతిలో ఫోన్ మొహం ముందు, రాత్రి అదే చెయ్యి మడిచి తలకింద.

ఇక స్ప్లింట్. నిద్రలో మోచెయ్యి పూర్తిగా మడవనివ్వదు, దాని పని అంతే. మొదటి వారం చెమట, దురద, సరిగ్గా నిద్రే లేదు, లోపల పాత కాటన్ చున్నీ ముక్క చుట్టాక సర్దుకుంది. బిగించి కట్టొద్దు, అదే నరాన్ని నొక్కుతుంది. ఆరు వారాలకి పొద్దుటి తిమ్మిరి తగ్గింది, జడ పాయ నిలబడటానికి నాలుగు నెలలు పట్టింది. బస్సులో ఫోన్ చూడటం కూడా మానేశాలెండి, రెండూ కలిసే పనిచేశాయి.

బొటనవేలు, చూపుడు, మధ్యవేలికి తిమ్మిరైతే ఇది కొనకండి, అది ఎక్కువగా మణికట్టు దగ్గరి నరం, దాని స్ప్లింట్ వేరు. తిమ్మిరి పగలంతా వదలకపోయినా, బొటనవేలి పక్క కండ గుంటపడుతున్నా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి, కొందరికి ఆపరేషన్ అవసరమవుతుంది. ఉన్నట్టుండి చెయ్యి పడిపోయి మూతి వంకరపోయినా, మాట తడబడినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఏడో నెలలో వెల్‌క్రో ఊడింది, టైలర్‌తో కొత్తది కుట్టించుకుని ఇప్పటికీ వేసుకునే పడుకుంటున్నా.