కంటిన్యుటీ ప్లానింగ్ పోర్టల్ రివ్యూ: షీట్ అదుర్స్, లాగిన్ దగ్గరే తేడా కొట్టింది

చిన్న బిజినెస్‌లకీ లోకల్ కౌన్సిళ్ళకీ (మన మున్సిపాలిటీల్లాంటివి) కలిపి అమ్ముతున్న ఒక కంటిన్యుటీ ప్లానింగ్ పోర్టల్‌ని, అంటే సర్వర్ పోయినా వరదొచ్చినా పని ఆగకుండా ఏం చేయాలో ముందే రాసిపెట్టుకునే వెబ్‌సైట్‌ని, మా ఆఫీసులో కొన్నాళ్ళుగా వాడుతున్నాం. పేరు వద్దులెండి, ఇలాంటివి కొనాలనుకునేవాళ్ళకి ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

ఇంపాక్ట్ ఎనాలిసిస్ షీట్ మాత్రం సూపర్. ఒక్కో పనికి ఒక్కో వరస, అది ఎంతసేపు ఆగితే తట్టుకోగలం, ఎన్ని గంటల్లో మళ్ళీ లేపాలి, ఎంత డేటా పోయినా పర్లేదు, ఇవన్నీ అడుగుతుంది. బిల్లింగ్ వరసలో రెండు గంటలకి మించి డేటా పోకూడదని కొట్టాం, పక్కనేమో బ్యాకప్ రాత్రికి ఒక్కసారే అని ఉంది, వెంటనే ఆ గడి ఎర్రగా అయిపోయింది. అంటే సాయంత్రం మెషీన్ పోతే పొద్దుట్నుంచి కొట్టిన బిల్లులన్నీ గోవిందా. మీటింగుల్లో ఎంత మొత్తుకున్నా మా ఓనర్‌కి ఎక్కనిది ఆ ఎర్ర గడి చూడగానే ఎక్కింది. బ్యాకప్ కూడా అదే బిల్డింగ్‌లో అని పెడితే షీట్ ఒప్పుకోదు, కరెక్టే మరి, 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నవాళ్ళకి రెండూ పోయాయి.

సప్లయర్ల గడి మాత్రం వేస్ట్, పేరూ ఫోన్ నంబరూ రాసి వదిలేయడమే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తేడా కొడితే సుమారు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి, మనం ఆ సాఫ్ట్‌వేర్ కొనకపోయినా మన సప్లయర్ వాడుతుంటే మన పనీ ఆగుతుంది కదా, ఆ ప్రశ్నే ఇందులో లేదు.

ఇక అసలు కామెడీ లాగిన్. ప్లాన్ మొత్తం వాళ్ళ క్లౌడ్‌లో ఉంటుంది, ఓటీపీ ఆఫీస్ మెయిల్‌కే వస్తుంది, ఆఫీస్ మెయిల్ డౌన్ అయితే మెయిల్ డౌన్ అయినప్పుడు ఏం చేయాలో రాసుకున్న ప్లానే తెరుచుకోదు 😄 ప్రింట్ తీద్దామంటే టేబుల్ కుడివైపు సగం కట్ అయిపోయి ఫోన్ నంబర్ల కాలమే ఎగిరిపోతుంది. సపోర్ట్‌ని అడిగితే నెక్స్ట్ వెర్షన్‌లో వస్తుందన్నారు, ఈలోపు మేమే ఎక్సెల్‌లోకి లాగి కాగితాల మీద తీసి ఇద్దరి ఇళ్ళల్లో పెట్టాం.

డ్రిల్ కార్డులు, అంటే ఆపదొస్తే ఏం చేస్తామో అందరూ కూర్చుని ప్రాక్టీస్ చేసే కార్డులు, బాగున్నాయి. మొదటి కార్డు సర్వర్ రూమ్‌లోకి నీళ్ళొచ్చాయంటుంది, అందరూ టకటకా సమాధానాలు చెప్తుంటారు, రెండో కార్డు తీస్తే తాళాలున్న మనిషి ఫోన్ ఎత్తట్లేదు, ఇక గది సైలెంట్.

కౌన్సిల్ వెర్షన్ మా ఫ్రెండ్ వాళ్ళ ఆఫీసులో చూశా, షాపు టెంప్లేట్‌లో కస్టమర్ తీసేసి పౌరులు అని పెట్టారంతే, ఒక పేజీలో షట్టర్ దించి బోర్డు పెట్టండి అని అలాగే వదిలేశారు కూడా. వరదొస్తే షాపుకి గిరాకీ తగ్గుతుంది, కౌన్సిల్‌కి అదే రోజు పని పదింతలవుతుంది, పునరావాస కేంద్రం తెరవాలి, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళని చూసుకోవాలి, పైగా సగం స్టాఫ్ ఇళ్ళు కూడా నీళ్ళల్లోనే ఉంటాయి. ఇది ఏ గడిలోనూ లేదు. బ్రిటన్‌లో అయితే 2004 నాటి సివిల్ కంటింజెన్సీస్ చట్టం ప్రకారం కౌన్సిళ్ళు తమ ప్లాన్ చూసుకోవడమే కాదు, స్థానిక బిజినెస్‌లకి ఈ విషయంలో సలహా కూడా ఇవ్వాలి, దానికి పనికొచ్చే పేజీ ఒక్కటీ లేదు. 2020 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని రెడ్‌కార్ అండ్ క్లీవ్‌ల్యాండ్ కౌన్సిల్‌ని రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) కొడితే స్టాఫ్ పెన్నూ పేపర్‌తో నెట్టుకొచ్చారు, ఇందులో ప్రింట్ చేసిపెట్టుకునే చేతిరాత ఫారాలే లేవు.

చిన్న బిజినెస్‌కి 5కి 3.5, షీటూ కార్డుల కోసమే. కౌన్సిల్‌కి 1.5. కౌన్సిల్ వాళ్ళు ఈ కంపెనీని డెమోకి పిలిస్తే ముందు నెట్ కట్ చేసి ప్లాన్ తెరిచి చూపించమనండి.